వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక చోటుంది. ఆడవాళ్ళు కూర్చునే చాపలకీ, కీబోర్డు బల్లకీ మధ్య మూరెడు జాగా. అక్కడ నిలబడి, కొంగు తలమీదకి లాక్కుని, దేవుడు చేసిన మేలు చెప్పాలి. ఒక్కో మాట పూర్తయినప్పుడల్లా సంఘమంతా "స్తోత్రం" అంటుంది. నాకు మాటలు వచ్చిన కొత్తలో మా అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మాట పలికించిందట. ఆ జాగాలోనే నిలబడి, నా కూతురికి స్వస్థత కలిగిందని చెప్పాను.

పాపకి అప్పుడు ఆరేళ్ళు. ఆటిజం అని మూడో ఏటే డాక్టర్లు చెప్పారు. మాటలు రాలేదు, కూనిరాగం వచ్చింది. స్టీలు మూత నేలమీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా మేము పాడుకునే కీర్తన వరస ఒకటి పెదాలు మూసుకుని తీస్తుంది. శ్రుతి తప్పదు. నాకు తెలిసినంతవరకు అదే దాని గొంతు. ఐదో ఏడు దాటాక చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఎడమ బొటనవేలి కింద, ఒకే చోట. పుండు మానేలోపే మళ్ళీ అక్కడే. తర్వాత నుదురు గోడకేసి కొట్టుకోవడం వచ్చింది. దాని తలకీ గోడకీ మధ్య నా అరచెయ్యి పెట్టి కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

మా ఆయన భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఎలక్ట్రీషియను. పది రోజులకోసారి ఇంటికొస్తారు. రామచంద్రపురంలో నేనూ పాపా ఉంటాము. పెళ్ళికి ముందునుంచీ ఆదివారపు బడి పిల్లలకి వాక్యాలు కంఠతా నేర్పిన దాన్ని, పాప పుట్టాక మానేశాను. ఆరాధన మొదలైన కాసేపటికే అది చెవులు మూసుకుని అరిచేది. దాన్ని ఎత్తుకుని బయట పంపు దగ్గర నిలబడేదాన్ని. ప్రసంగాలన్నీ గోడ అవతలనుంచే వినేదాన్ని.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు పాప తలకి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆ ఆదివారం పాప కూర్చుంది. ఆరాధన అంతసేపూ నా ఒళ్ళో తలపెట్టి, చాప పోగు ఒకటి లాగుతూ పడుకుంది. వెనక కూర్చున్న పెద్దావిడ నా భుజం తట్టి, "అద్భుతవేనమ్మా! వాక్యం చెప్తుంటే మా ఆయనే కుదురుగా కూర్చోడు, నీ పిల్ల కూర్చుంది!" అంది. చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చాపల మధ్య అందరితో కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

సాక్ష్యాల సమయం రాగానే లేచాను. మైకు లేదు, గొంతు పెంచి చెప్పాను. ఎందుకు లేదో ఆలోచించలేదు. "నా బిడ్డని దేవుడు ముట్టాడు. నా బిడ్డకి తగ్గింది." స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు.

మా దగ్గర అలాంటి సాక్ష్యం చెప్పినవాళ్ళ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టడం ఆనవాయితీ. బుధవారం సాయంత్రం యువకులు స్పీకరు పెట్టె మోసుకొచ్చి మా హాల్లో దించారు, డ్రమ్ము ప్యాడు తెచ్చారు. మొదటి పాట రెండో చరణంలో పాప పరిగెత్తుకెళ్ళి ద్వారబంధానికి నుదురు కొట్టుకుంది. ఒకసారి కాదు. రక్తం చూసి అందరూ చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరో సౌండు ఇంకా పెంచారు. నేను దాన్ని ఎత్తుకుని పెరట్లోకి పోయాను.

పాస్టరమ్మగారు వెనకే వచ్చారు. నా పెళ్ళినాడు నా నగలు సర్దిన మనిషి, పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా పక్కన పడుకున్న మనిషి. తన కొంగుతోనే పాప నుదురు అదిమిపట్టి, "శోధన అమ్మా ఇది, పరీక్ష. అద్భుతం జరిగిన ఇంటికే సాతాను ముందొస్తాడు. విశ్వాసం వదలకు" అన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు. నా మీద ప్రేమతోనే అన్నారు. అందుకే నాకు ఎదురు చెప్పడం చేతకాలేదు.

ఆ వారమే రాజమండ్రిలో పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఆయన పుండు చూశారు, చుక్కల మందు రాశారు.

"ఇది ఆటిజానికి మందు కాదండి. దానికి మందు లేదు. పాప తనని తాను కొట్టుకోవడం, ఆ చికాకు తగ్గడానికి మాత్రమే. ఆకలి పెరగొచ్చు, బరువు పెరగొచ్చు, మగతగా ఉండొచ్చు. పరీక్షలు చేయిస్తూ చూద్దాం."

"పాట పోతుందాండీ?"

ఆయనకి అర్థం కాలేదు. కూనిరాగం గురించి చెప్పాను. తల వంచి విన్నారు. "పోకూడదమ్మా. మరీ డల్‌గా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి, డోసు తగ్గిద్దాం. మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యకండి. ఇంకో పని చెయ్యండి. కొట్టుకునే ముందు ఏం జరిగిందో, బాగున్నరోజు ఏం జరిగిందో రాయండి."

సీసా తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను. మూత తియ్యలేదు.

వాక్యంలో వెతికాను. చావు దాకా వచ్చిన రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించింది ప్రవక్తే. తరచూ జబ్బుపడే యౌవన సేవకుడికి కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పింది అపొస్తలుడే. మందు వద్దని నాకెక్కడా దొరకలేదు. నాకు అడ్డంగా ఉన్నది ఆ మూరెడు జాగా. అక్కడ నిలబడి తగ్గిందన్నాను. ఇప్పుడు మందు పోస్తే, దేవుడి ఎదుట అబద్ధమాడినట్టా? పొయ్యకపోతే, ఆ అబద్ధాన్ని నా బిడ్డ చేతిమీద మోయిస్తున్నట్టా?

మా ఆయన ఫోన్ చేశారు. వెనక చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరు.

"ఏంటి, ఇంకా వెయ్యలేదా?"

"మీరొచ్చాక వేద్దావని."

"నేనొస్తే మందు తియ్యగా అయిపోద్దా?" అని నవ్వారు. అంతలోనే నవ్వు ఆపేసి, "నాకూ భయవేనే. నువ్వే చూసుకో" అని పెట్టేశారు.

డాక్టరుగారు చెప్పినట్టు రాయడం మొదలుపెట్టాను. మిక్సీ వేశాక, కుక్కరు కూత తర్వాత, పక్కింటి మోటారు. బాగున్న రోజుల్లో మొదట ఆ ఆదివారం రాశాను. ముందు ఏం జరిగింది? నూనె ప్రార్థన అని రాయబోయి ఆగాను. ఆవేళ అందరూ పాటల పుస్తకాలతో విసురుకున్నారు. ఫ్యాన్లు తిరగలేదు. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. నేను మైకు లేకుండా గొంతు పెంచాను.

కరెంటు లేదు.

ఆ రెండు మాటలే రాశాను. దేవుడి మీద కోపం రాలేదు. ఆ రెండు గంటల నిశ్శబ్దం ఆయనే ఇచ్చాడని ఇప్పటికీ నమ్ముతాను. దానికి స్వస్థత అని పేరు పెట్టింది నేను.

మిక్సీ మానేసి రోట్లో రుబ్బాను. అన్నం గిన్నెలో వండాను. గోడకి కొట్టుకోవడం కొంత తగ్గింది. చెయ్యి కొరుక్కోవడం తగ్గలేదు. పుండులో చీము పట్టింది. అప్పటికీ సీసా మూత తియ్యలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎవరో గేటు తీశారు. ముప్ఫై ఏళ్ళావిడ, వెంట రెండు జడలకి ఎర్ర రిబ్బన్లు కట్టిన పిల్ల.

"వందనాలండి. జంగారెడ్డిగూడెం నించి వచ్చామండి. మా ఆడపడుచుది మీ సంఘవేనండి, మీ సాక్ష్యం గురించి చెప్పింది. రెండు బస్సులు మారి వచ్చాం."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆ పిల్లకి ఫిట్లు, రోజూ మాత్రలు వేస్తున్నారు. ఆవిడ గ్లాసు పట్టుకుని, తాగకుండా, "మీరు మందులేమీ వాడలేదు కదండీ? ప్రార్థనతోనే కదండీ తగ్గింది? మేవూ ఆపేద్దావనుకుంటున్నామండి" అంది.

లేదండి అన్న మాట నాలుక మీదకి వచ్చింది. అది నిజం కూడా. సీసా మూత తియ్యలేదు కదా.

అప్పుడే లోపలి గదిలోంచి పాప అరుపు వినిపించింది. వెళ్ళి ఎత్తుకొచ్చాను. నోట్లోంచి చెయ్యి తియ్యడం లేదు. ఆవిడ ఆ చెయ్యే చూస్తోంది. బియ్యం డబ్బా వెనకనుంచి సీసా తీసి ఆవిడ ముందు పెట్టాను.

"తగ్గలేదండి. ఆవేళ చర్చిలో కరెంటు లేదు, చప్పుడు లేదు, అందుకని కూర్చుంది. నేను తొందరపడి చెప్పాను. మీ పాప మాత్రలు ఆపకండి. ఆపితే ప్రమాదం. ప్రార్థన చెయ్యండి, మాత్రా వెయ్యండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. "మరి సంఘంలో నిలబడి ఎందుకు చెప్పారండీ? మాలాంటోళ్ళు ఎంత ఆశ పెట్టుకుంటారో తెలీదాండీ?"

ఆవిడ గ్లాసు కింద పెట్టేసి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నీళ్ళు అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం పాప పెరుగన్నంలో మొదటి చుక్కలు కలిపాను. మందుకి ఏ ప్రార్థన చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. భోజనానికి చేసే ప్రార్థనే చేశాను.

ఆదివారం పాపని పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్ళి, ఆ మూరెడు జాగాలో నిలబడ్డాను. ఈసారి మైకు ఉంది. "నా బిడ్డకి తగ్గలేదు. నేను పొరపాటున చెప్పాను. ఇప్పుడు మందు వాడుతున్నాను. దేవుణ్ణి విడిచిపెట్టలేదు. ఎవరూ నా సాక్ష్యం విని మందులు ఆపొద్దు."

ఒక్కో మాట తర్వాత అలవాటుగా ఆగాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. పాస్టరమ్మగారు ఒళ్ళో పుస్తకం వైపు చూస్తున్నారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. వందనాలంటే వందనాలంటారు. నేను కూర్చున్న చాప మీద మాత్రం ఇద్దరికి సరిపడా చోటు మిగిలిపోతుంది. సౌండు తగ్గించమని ఒకసారి అడిగాను. తగ్గించారు, రెండు వారాలు. ఇప్పుడు పాపని తీసుకుని మళ్ళీ పంపు దగ్గరే నిలబడుతున్నాను.

పుండు ఎండింది. మచ్చ ఉంది. కొరుక్కోవడం పూర్తిగా పోలేదు. బరువు పెరిగింది, కిందటేటి గౌన్లు పట్టడం లేదు. మొదటి వారం కూనిరాగం ఆగిపోయింది. డాక్టరుగారికి ఫోన్ చేశాను, చుక్కలు తగ్గించారు. తర్వాత వచ్చింది, కాస్త నెమ్మదిగా. సరైన పని చేశానా అని రోజూ అనుకుంటాను. రోజూ పోస్తాను.

ఆ రిబ్బన్ల పిల్లకి మాత్రలు వేస్తున్నారో, కోపంలో ఆపేశారో తెలియలేదు. సంఘంలో ఆ ఆడపడుచు ఎవరో కనుక్కుందామని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. తెలియదన్నారు. ఆరోజు పేరైనా అడగలేదు. పాపకి మందు కలిపేటప్పుడు కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల అంటాను. ఆయనకి పేరు తెలుసు. ఆమెన్ నేనొక్కదాన్నే చెప్పుకుంటాను.