వన్స్ మోర్ లేని పద్యం

నాకు మీసం బాగా అతుకుతుందని మా ట్రూపులో అందరూ ఒప్పుకుంటారు. ఆడపుట్టుక పుట్టి, ఇన్నేళ్లూ పద్యనాటకాల్లో రాజు వేషమే కట్టాను. మా నాయన నంద్యాలలో టైలరు. శుక్రవారం మసీదుకు పోయొచ్చి, నాటకాల వాళ్లకు జరీ అంగీలు కుట్టేవాడు. కొలతలివ్వడానికి వచ్చిన నటులు ఊరికే నిలబడతారా, పద్యం ఎత్తుకునేవాళ్లు. కాజాలు కుడుతూ విన్న ఆ పద్యాలతోనే నేను స్టేజీ ఎక్కాను. చదువు అబ్బలేదు గానీ గొంతు అబ్బింది.

పద్యనాటకం చూడని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. అరిచారంటే ఎంతటి రాజైనా కథ ఆపి మళ్లీ పాడాల్సిందే. యుద్ధంలో చచ్చి పడిన వేషం లేచి, పద్యం పాడి, మళ్లీ చావడం నా కళ్లతో చూశాను. ఆ కేక రాకపోతే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

అలాంటిది పోయినేడు గొంతు బొంగురుపోయింది. నంద్యాలలో డాక్టరమ్మ చూసి, స్వరపేటిక మీద బుడిపె ఉందని ఆపరేషన్ చేసి తీసేసింది. కొన్నాళ్లు నోరు మెదపవద్దంది. మా ఆయనకు పండగే. “ఇన్నేండ్లకు నా మాట నాకు ఇనపడతాండాది” అని వీధంతా చెప్పుకున్నాడు. నేను పళ్లెం మీద గరిటెతో కొట్టి ఆయన్ని పిలిచేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం గానీ, ఆయన పనికి పోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. నాకు వేరే పని రాదు, వేరే పని వద్దు కూడా.

చివరికి డాక్టరమ్మ పాడుకోమంది. పైస్థాయిలో మాత్రం ఒక్కసారికి మించి లాగవద్దంది. మళ్లీ చెడితే తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ నుంచి పిలుపొచ్చింది. ఈ మధ్య నాటకాలు సాయంత్రమే మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించేస్తున్నారు. శ్రమ తక్కువే కదా అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. రాజసభలో పద్యం ఒకసారైతే లాక్కొస్తాను. జనం వన్స్ మోర్ అంటే? పాడితే గొంతు పోతుంది, పాడకపోతే పరువు పోతుంది.

మా హార్మోనిస్టు డోన్ నుంచి వస్తాడు. నా మొదటి వేషం నుంచీ నాకు శ్రుతి పట్టింది ఆయనే. నేను మీసం అతికించుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏమ్మా, శ్రుతి రోంత దించుదామా?”

“దించేదేం లేదన్నా. పాడితే పాత శ్రుతిలోనే పాడతా. ల్యాకుంటే ఈ మీసం నీకిచ్చి బస్సెక్కుతా.”

“నాకెందుకమ్మా, నాకుండాది గదా” అని తన మీసం దువ్వుకుంటూ బయటికి పోయాడు. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. టీ కోసమేమో అనుకున్నాను.

పద్యం రానే వచ్చింది. మైకు ముందుకు నడిచి ఎత్తుకున్నాను. పాదాలన్నీ బాగానే వచ్చాయి. చివర రాగం పైకి తీస్తుంటే ఒక్కచోట గరగరమని, మళ్లీ సర్దుకుంది. అప్పుడే నా కన్ను ముందు వరస మీద పడింది. ఆళ్లగడ్డలో మా నాటకం ఎప్పుడు పడినా అక్కడే కూర్చునే శనగ రైతు ఒకాయన ఉన్నాడు. వన్స్ మోర్ కేక ఎప్పుడూ ఆయన నోటి నుంచే మొదలవుతుంది. అలాంటి మనిషి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నన్ను చూసి నవ్వాపుకుంటున్నాడనుకున్నాను.

పద్యం అయింది. చప్పట్లు గట్టిగానే కొట్టారు. కేక మాత్రం ఒక్కటీ రాలేదు. హమ్మయ్య, బతికిపోయాను అనుకున్నాను. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. నా పద్యానికి వన్స్ మోర్ లేదా! మిగతా నాటకమంతా కోపంతోనే రాజ్యం ఏలాను.

తెర దించాక, కొబ్బరినూనె రాసి మీసం ఊడదీస్తుంటే ఆ రైతు లోపలికొచ్చాడు. వెనకాలే హార్మోనిస్టు.

“ఏందమ్మా, మొగం అట్ల పెట్టుకున్యావ్?” అన్నాడు రైతు.

“నవ్వేంత పాడుగా పాడినానా అప్పా?”

“నవ్వేదేందీ! ఈయప్ప ముందే వచ్చి, ఆయమ్మకు గొంతు ఆపరేషనైంది, వన్స్ మోర్ అనాకండి, మీ కాళ్లు పట్టుకుంటా అన్యాడు. వరస వరసకూ పోయి చెప్పొచ్చినా. అందరూ ఇన్యారు. నా నోరే నా మాట ఇనదు, అందుకే తువ్వాలు కుక్కుకున్యా. నువ్వు రాగం తీస్తాంటే ఏడుపొచ్చె తల్లీ.”

హార్మోనిస్టు వైపు చూశాను. పెట్టె సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. ఆయనకు నటన ఏనాడూ చేతకాలేదు. సగం మీసంతో ఏడుస్తూ నవ్వాను.

“మైకు తీసేసినారు గదా. ఇప్పుడనప్పా” అన్నాను.

“ఏమనేది?”

“ఇన్నేండ్లూ నువ్వు అరిచేదే.”

ఆయన అనుమానంగా హార్మోనిస్టు వైపు చూశాడు. హార్మోనిస్టు పెట్టె తెరిచి, నన్ను అడక్కుండానే శ్రుతి దించి పట్టాడు. ఈసారి నేను వద్దనలేదు. రైతు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, పసిబిడ్డ నిద్రపోయే ఇంట్లో మాట్లాడినంత మెల్లగా “వన్స్ మోర్” అన్నాడు.

పాడాను. రెండోసారీ నా గొంతు పలికింది.