లీలావతి పారబోసిన గ్లూకోజు నీళ్లు

లీలావతి తొలిచూలు మోసినప్పుడు ముప్పై ఎనిమిది కేజీలు. నెలలు నిండేదాకా నాట్లకు వంగింది. పుట్టిన మగపిల్లాడు మూడో రోజే పోయాడు. "తల్లిలో సత్తువ లేదు" అన్న ఆనాటి మాట ఆమె గుండెలో ముల్లయి ఉండిపోయింది.

అందుకే కూతురు రమ్య ఐదో నెలలో అవనిగడ్డ పక్కనే ఉన్న పుట్టింటికి వస్తే, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి ఒళ్లో చలిమిడి పెట్టింది. అక్కడితో ఆగలేదు. పొద్దున సున్నుండలు, మధ్యాహ్నం మీగడ పెరుగు, ముద్ద ముద్దకీ నెయ్యి.

ఆరో నెలలో ఊరి నర్సు శ్రీదుర్గ తూకం చూసి పెదవి విరిచింది.

"కడుపు రాకముందే యాభై ఆరు. ఇప్పుడు అరవై తొమ్మిది. ఐదడుగుల పిల్లవి, ఏంటమ్మా ఇది?"

"యాభై ఆరంటే సరైన బరువేనని ఫోన్లో చూపించిందండీ" అంది రమ్య.

"ఆ లెక్క తెల్లోళ్లకి కట్టింది తల్లీ. మనకి కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా పొట్టలో చేరుద్ది. వాళ్లకంటే తక్కువ బరువుకే షుగరొచ్చేస్తుంది."

"నీ దిష్టే తగిలేట్టుందమ్మాయ్" అంది లీలావతి.

"నా దిష్టి కాదు పిన్నీ, నీ సున్నుండలు తగుల్తాయి."

శ్రీదుర్గ షుగరు పరీక్షకని గ్లూకోజు కలిపిన నీళ్ల గ్లాసు రమ్య చేతికిచ్చి, మొత్తం తాగాలని చెప్పి, ఇంకొకరికి సూది వెయ్యడానికి వెళ్లింది. నాలుగు గుక్కలకే రమ్యకి వికారం పుట్టింది. ఉమ్మడానికి బయటికి పరుగెత్తింది. పిల్ల అవస్థ చూడలేకపోయింది లీలావతి. షుగరని తేలితే తిండి మాన్పిస్తారన్న భయం కూడా ఉంది. మిగిలినదాంట్లో సగానికి పైగా తొట్లో పారబోసి, గ్లాసు మంచినీళ్లతో నింపింది.

"ఇందాకటంత తీపి లేదే అమ్మా!"

"నాలిక అలవాటు పడిందిలే. తాగెయ్."

రెండు గంటల తర్వాత రక్తం తీస్తే షుగరు లేదని వచ్చింది. శ్రీదుర్గే నవ్వేసింది. "పోన్లే పిన్నీ, నువ్వే గెలిచావు."

ఎనిమిదో నెలకే పొట్ట చూసి ఇరుగుపొరుగమ్మలు కవలలేమో అన్నారు. లీలావతి మొదట మురిసింది. తర్వాత రమ్య చెంబులకి చెంబులు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎంత తాగినా దాహం తీరదు. పారబోసిన సంగతి చెప్పేద్దామని లీలావతి రెండుసార్లు శ్రీదుర్గ గుమ్మందాకా వెళ్లి, ఏదో ఒక వంకతో తిరిగొచ్చింది.

తొమ్మిదో నెలలో ఒక ఉదయం రమ్య మంచం మీద నుంచి లేవకుండానే అంది: "అమ్మా, నిన్న సాయంత్రం నుంచీ కదలట్లేదే."

ఆటోలో బందరు తీసుకెళ్లారు. డాక్టరమ్మ పొట్ట కొలిచి, మళ్లీ కొలిచింది. కాగితాలు తిరగేసింది.

"షుగరు లేదని రాశారు. మరి బిడ్డ ఇంత పెరిగిందేంటమ్మా?"

లీలావతి చెప్పేసింది. "ఆ నీళ్లు సగం నేనే పారబోశానండీ. దానికి తెలీదు."

డాక్టరమ్మ వెంటనే బిడ్డ గుండె చప్పుడు వినే మిషను రమ్య పొట్టకి ఆనించి, ఎడమకి జరిపింది, కిందికి జరిపింది, మళ్లీ ఎడమకి. గరగర తప్ప ఏమీ వినబడలేదు.

రమ్య మిషను వైపు చూడలేదు. కళ్లార్పకుండా తల్లినే చూస్తోంది.