డేవిడన్న తీసేసిన గిటారు

ఈ రోజు నాకిష్టమైన సాఫ్ట్ రాక్ పాటను మొదటిసారి పూర్తిగా విన్నాను. కాలేజీ రోజుల నుంచీ వింటున్న పాటే. కాకపోతే అది మా బోధన్‌లో డేవిడన్న దుకాణంలో రికార్డు చేయించుకున్న క్యాసెట్. అందులో గొంతు ఆగగానే పాట అయిపోయేది. పొద్దున నిజామాబాద్‌లో కొన్న సీడీలో మాత్రం గొంతు ఆగాక గిటారు మొదలైంది. నున్నగా, ఏ తొందరా లేకుండా ఎంతసేపు సాగిందో. చెరకు కోతకు వచ్చినట్టు రోజు లెక్కన స్టూడియోకి వచ్చి ఆ గిటారు వాయించి వెళ్లిన మనిషట. సీడీ అట్ట లోపల చీమ తలకాయంత అక్షరాల్లో అతని పేరుంది.

కోపంగా డేవిడన్న దగ్గరికి వెళ్లాను. ఇప్పుడాయన రీచార్జి కార్డులు అమ్ముతున్నాడు.

"అన్నా, ఆఖర్ల గిటారంత ఏడ పోయింది?"

"తీసేసిన తమ్మీ. క్యాసెట్ల ఇంకో పాట పట్టాలె గదా. మాటలు అయిపోయినంక ఉత్త మ్యూజిక్కేనాయె, ఎవ్వలడగలే."

"నువ్వు గూడ చర్చిల గిటారు వాయించేటోనివే గదన్నా."

ఆయన కౌంటరు తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "గందుకే ఎరుక. గాడ గూడ పాట అయిపోంగనే నన్ను ఆపమంటరు."

వెనక్కి వచ్చేశాను. ఇంట్లో సీడీ మళ్లీ పెట్టాను. గొంతు ఆగగానే నా చెవి ఇంకా తర్వాతి పాట కోసమే చూస్తోంది. అలవాటు అలాంటిది.

వచ్చే ఆదివారం చర్చికి వెళ్లి, పాట అయ్యాక కూడా డేవిడన్నను ఆపొద్దని చర్చి పెద్దల్ని అడుగుదామనుకుంటున్నాను. ఒక్కడి మాట వినరు. తోడు ఎవరొస్తారు?