యొర్దానులో పిలవని పేరు

మా పెద్దమ్మ పోయిందన్న ఫోన్ వచ్చేసరికి నేను కోదాడ దగ్గర మా బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాను. మిర్యాలగూడ దవాఖాన నుంచి ఆమె కొడుకు, మా అన్న, "అయిపోయింది చెల్లె. అమ్మ పోయింది" అన్నాడు. పిల్లలకు అన్నం పెట్టించి బస్సెక్కాను. ఆమె ఉంటే అదే చేయమనేది.

మా అమ్మకు అక్క ఆమె. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు బడి టీచరుగా బతుకంతా గడిపింది. ఆమెకు రెండు పేర్లు. ఒకటి కాగితాల పేరు, ఇంకోటి చర్చి పేరు. మాలో చాలామందికి అంతే. కాగితం మీద క్రైస్తవురాలని పడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది, దాంతో వచ్చిన నౌకరీ పోతుంది. ఊరంతా ఎరిగిన సంగతే, పైకి మాత్రం ఎవరూ అనరు. ఆమెకు బాప్తిస్మం కూడా సాగర్ కాలువలో, జనం లేవకముందే ఇచ్చారట. పేరు చెవిలో చెప్పారట. "దొంగతనం చేసినట్టు మునిగిన బిడ్డా" అనేది.

అందుకేనేమో, హాజరు పిలవడం అయ్యాక ప్రతి కొత్త పిల్లనూ "ఇంట్ల నిన్నేమని పిలుస్తరే?" అని అడిగేది. ఆ రోజు నుంచి ఆ పేరే. "పేరు వెట్టి పిలిస్తెనే గద మనిషి తలెత్తేది" అనేది. కోపం మాత్రం ముక్కు మీదే. తప్పు పేరుతో ఎవరు ఎవర్ని పిలిచినా ఊరుకునేది కాదు.

రిటైరయ్యాక ఆమెకు ఒక్కటే కోరిక. యొర్దాను నదిలో, పట్టపగలు, నలుగురూ వింటుండగా తన పేరుతో పిలిపించుకుని మునగాలి. పరిశుద్ధ దేశ యాత్రకు తోడుగా నన్ను తీసుకుపోయింది. వాడకట్టుకు మాత్రం దుబాయ్ పోతున్నామని చెప్పింది.

బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోట కట్టిన గుడికి వాకిలి మరీ పొట్టి. నడుం వంచితే గాని లోపలికి పోలేం. వినయం నేర్పడానికే అలా కట్టారని గైడు చెబుతుంటే పెద్దమ్మ నా చెవిలో "వంగుడు మనకు కొత్తనా?" అంది. ఆ యాత్రలో ఆమె మనసారా నవ్వింది అక్కడే.

యొర్దాను నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. తెల్ల అంగీలు తొడుక్కుని అందరం వరసలో నిలబడ్డాం. మమ్మల్ని యాత్రకు తీసుకొచ్చిన పాస్టరుగారు నడుంలోతు నీళ్లలో ఉన్నారు. ఒడ్డున ఆయన మనిషి పాస్‌పోర్టు పేర్ల లిస్టు పట్టుకున్నాడు. పెద్దమ్మ నీళ్లలో దిగి, పేరడిగితే గట్టిగా తన చర్చి పేరు చెప్పింది. అతను లిస్టు కింది దాకా వెతికి, "ఈ పేరుతో మన బస్సులో ఎవ్వరూ లేరమ్మా" అన్నాడు.

"ఉన్న. నేనే ఉన్న" అంది.

"అయితే రెండు పేర్లూ చెప్పండమ్మా. లైవ్ పోతున్నది, మనవాళ్లంతా చూస్తున్నారు" అన్నారు పాస్టరుగారు, ప్రేమగానే.

పెద్దమ్మ ఒడ్డున లైవ్ తీస్తున్న ఫోను వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "సూర్యాపేటల గూడ కనవడ్తదా?" అని అడిగింది. అన్న నౌకరీ సూర్యాపేటలో, సర్కారు ఆఫీసులో, ఆ సర్టిఫికెట్ మీదే వచ్చింది. కనపడుతుందన్నాను. ఫోను ఆపమని అడగనా అంటే, "ఒకటి ఆపుతరు. ఎనక పది ఉన్నయి" అంది. మోకాళ్ల దాకా తడిసిన అంగీతో గట్టెక్కేసింది.

బస్సులో ఏడ్చింది. దేవునికి నీ పేరు తెలియదా పెద్దమ్మా అని ఊరడించబోతే కసిరింది. "దేవునికి ఎర్కే. మనుషులు పిలవాలె గద!"

ఆ తర్వాత కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. చివరి నెలలో ఒకరోజు నా చేయి పట్టుకుని, "మట్టి కాడనన్న నా పేరు వెట్టి పిలువు బిడ్డా. నువ్వయితె పిలుస్తవ్" అంది. పిలుస్తానన్నాను.

సమాధి దగ్గర అన్న మా ఊరి పాస్టరును పక్కకు పిలిచి, "సహోదరి అనుర్రి సార్, పేరొద్దు" అని బతిమాలాడు. అన్నను ఏమనను? ఇద్దరు పిల్లల తండ్రి. పెట్టె దించారు. నా వంతు వచ్చినప్పుడు పిడికెడు మన్ను తీసుకుని నోరు తెరిచాను. ఎదురుగా ఎవరో ఫోనెత్తి వీడియో తీస్తున్నారు. నాదీ సర్కారు నౌకరే, అదే సర్టిఫికెట్. "పెద్దమ్మా" అని మాత్రం అని మన్ను వేశాను.

ఇది రాస్తూ కూడా రెండుసార్లు ఆ పేరు రాసి కొట్టేశాను. సిగ్గుగా ఉంది. నిన్న పోయి చూస్తే సమాధికి సిమెంటు పూసి, సిలువ నిలబెట్టారు. పేరు రాయాల్సిన చోట మేస్త్రీ తాపీతో నున్నగా రుద్ది వెళ్లిపోయాడు. తడి ఇంకా ఆరలేదు.