గారెలత్త ఆఖరి బిందె

ఆ రోజుల్లో, అదీ ఒక్క పూటలో, పోయినవన్నీ ముందు లెక్క చెబుతాను: సుత్తి పిడులు రెండు, ఉలి మొన ఒకటి, మా బావ ఎడమ బొటనవేలి గోరు, పెదనాయన దగ్గర నాకున్న మర్యాద, అన్నిటికీ మించి ‘లెక్కలోడు’ అని ఊరు నాకిచ్చిన పేరు. ఇన్నీ తిన్నది అరచేతిలో పట్టే ఒక బేరింగు. దాని మీద నాకు కోపం లేదు. అంత పంతం గల వస్తువును గాని, మనిషిని గాని మళ్లీ చూడలేదు (మనిషి విషయంలో ఒక మినహాయింపు ఉంది, చెబుతాను).

అప్పట్లో నేనూ, మా అక్క మొగుడూ కలిసి ఒక పాత ట్రాలీ ఆటో నడిపేవాళ్లం. ఎండాకాలం తర్లుపాడు వైపు బోర్లు ఎండిపోతే మా ఊరికి డ్రమ్ములతో నీళ్లు తోలేవాళ్లం. పెదనాయన కూతురి పెళ్లికి నీళ్ల పూచీ నాదన్నాను. పెళ్లి ముందురోజు పొద్దున్నే వెనక చక్రం గుర్రుమంది. బావ మార్కాపురం పోయి కొత్త బేరింగు తెచ్చాడు గానీ, పాతది ఇరుసును వదిలితేగా! ముహూర్తాల రోజులు కావడంతో ట్రాక్టర్లన్నీ వేరే పెళ్లిళ్లకు పోయాయి. సాయంత్రానికి చుట్టాలు దిగుతారు. పందిట్లో వంటకని మిగిలింది ఒక్క బిందె నీళ్లు.

బావ వెనకనుంచి ఉలి పెట్టి కొడుతుంటే, నేను ఇరుసు మీద బేరింగుకు ఎదురుగా బలపంతో గీత గీసి, మధ్య ఎడం ఎంత తగ్గుతోందో కొలుస్తూ పలక మీద లెక్క కట్టాను (మా వైపు పలకరాయి గనులే, పలకలకు కరువు లేదు). యాభై దెబ్బలకు నూలుపోగంత తగ్గుతోంది. “అన్నాల వేళకు ఊడిపోద్ది పెదనాయనా, లెక్క చెప్తాంది” అన్నాను.

అన్నాల వేళ దాటింది. గీత బేరింగును తాకింది గానీ బేరింగు ఉన్నచోటే ఉంది. బావ గోరు ఊదుకుంటూ, “నా చెయ్యి తగిలి గీత చెరిగిపోతా ఉండె బామ్మర్దీ. మళ్లా నేనే గీసినా” అన్నాడు.

“యాడ గీసినావు?”

“కొంచెం దగ్గరగా. నీకు ధైర్యంగా ఉంటదని.”

పెదనాయన కండువా దులిపి భుజాన వేసుకుని, “నీళ్లు లేని పెళ్లని చెప్పుకుంటార్రా మన గురించి” అని మొహం తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చింది గారెలత్త. పెళ్లిళ్లకు వంట చేసే ఆమె. పొయ్యి దగ్గర ఆమె మాటకు వియ్యంకులు కూడా ఎదురు చెప్పరు. “ఏందిరా ఈ దంచుడు, నా తల పగిలిపోతాంది! గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే సుత్తితో కొడతార్రా యాడన్నా? పైన వేణ్ణీళ్లు, లోపల చన్నీళ్లు. మీ ఇండ్లల్లో ఆడోళ్లు లేరా?”

“ఇది బేరింగు అత్తా, గ్లాసు కాదు.”

“అది బేరింగని దానికేమన్నా తెలుసా? ఇనుమే గదా!”

చన్నీళ్లకు ఉన్నది ఆ ఒక్క బిందే. నేను వద్దన్నాను. ఆమె తనే చంకనెత్తుకొచ్చింది. ఇరుసు కొసకు గోనెపట్టా చుట్టి నన్ను తడపమని, గారెలకు కాగిన నూనె గరిటెతో తెచ్చి బేరింగు చుట్టూ, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోసింది. ఆ నిబ్బరం చూస్తూ నేను భయపడడం కూడా మరిచాను. బిందె ఖాళీ అయింది. గోనె లాగేసి, “ఇప్పుడు కొట్టు. మెల్లగా, పిల్లోణ్ణి లేపినట్టు” అంది. బావ తట్టాడు. బేరింగు టక్కుమని కదిలి, జారి దుమ్ములో పడింది. నా పలక మీద ఆ దెబ్బకు లెక్క లేదు.

కొత్తది బిగించి, చుట్టాలు దిగేలోపల డ్రమ్ములు దించాం. మొదటి బిందె నింపి ఆమె ముందు పెడితే, “ఇయ్యి పెళ్లి నీళ్లు. నా బిందె నాకు బాకీ” అంది.

ఇప్పుడు ఊళ్లో కుళాయిలున్నాయి, నా తల నెరిసింది, ఆమెకు చూపు తగ్గింది. ఆమె ఇంటికి పోయినప్పుడల్లా ఒక బిందె పట్టి వాకిట్లో పెడతాను. తడిమి చూసి నవ్వుతుంది. “ఇది కుళాయిదిరా. నేనిచ్చింది ఆఖరిది. ఆఖరిది తెచ్చియ్.”

ఎందరివో చిక్కు లెక్కలు తేల్చినవాణ్ణి, ఆఖరి బిందెకు ఎన్ని డ్రమ్ములు సరిపోతాయో తేల్చలేకపోయాను. ఇవాళ్టికీ నా పేరున నిలిచిన బాకీ: ఒక బిందె.