నీళ్ళు లేవని దుంకుడు

బాయి మీది మైసమ్మ మీద ఒట్టు, ఇక్కడ నేను రాసే ప్రతి అక్షరం నిజం. గోదావరిఖనిలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. వాళ్ళ నవ్వు వాళ్ళది, నా ఒట్టు నాది. నేను స్ప్రింగుబోర్డు దిగి చాలా కాలమైంది కాబట్టి అబద్ధమాడి సంపాదించేది కూడా ఏమీ లేదు.

బొగ్గు కంపెనీలో జనరల్ మజ్దూర్‌గా చేరిన రెండో ఎండాకాలం, ఉగాది పోయిన సోమవారం, ఏరియాల మధ్య జరిగే స్ప్రింగుబోర్డు పోటీకి నన్ను పంపుతున్నట్టు బాయి మీద నోటీసు పడింది. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. అందులో బొగ్గు టబ్బులు నింపేవాడికి ఈ పోటీ ఏంటని అడగొచ్చు. మేమంతా, జడ్జీలతో సహా, ఊళ్ళలో వ్యవసాయ బావుల్లో దుంకి పెరిగినవాళ్ళం. ఎవరు దుంకితే నీళ్ళు గట్టు దాటుతాయో వాడే మొనగాడు. సమస్య అక్కడే మొదలైంది.

స్ప్రింగుబోర్డు లెక్క వేరు. ఈత కొలను నీటికి మూడు మీటర్ల ఎత్తున, ఒక కొస బిగించి ఇంకో కొస వదిలేసిన పలక అది. నాలుగడుగులు నడిచి, చివర చిన్న గంతు వేసి, రెండు కాళ్ళూ కొస మీద మోపితే అది వంగి మనిషిని పైకి విసురుతుంది. గాలిలో పల్టీ కొట్టి, చేతులు ముందుపెట్టి నిట్టనిలువుగా నీళ్ళలో దిగాలి. నీళ్ళు ఎంత తక్కువ లేస్తే అంత మంచి మార్కు. జడ్జీలు ఐదుగురు, ఒక్కొక్కరు పదికి వేస్తారు. అందరికన్నా ఎక్కువదీ, తక్కువదీ తీసేసి మిగతావి కూడి, దుంకుడు ఎంత కష్టమైనదో దాన్నిబట్టి హెచ్చిస్తారు.

గెలిచినవాడు బొగ్గు కంపెనీల పెద్ద మీట్‌కు పోతాడు. ప్రాక్టీసు నడిచినన్నాళ్ళూ అతనికి బాయి దిగే పని లేకుండా పైన డ్యూటీ. పతకం తెస్తే ఎప్పటికీ పైనే. నాకు అప్పుడే పెళ్ళయింది. నా భార్య సరోజ, బాయి దిక్కు అంబులెన్సు పోతే చాలు, అన్నం వదిలి రోడ్డు మీదికి వచ్చేది. "పైన డ్యూటీ దెస్తవా, నన్ను మా అవ్వగారింటికి తోలుతవా?" అని ఒక్కటే మాట.

నేను అప్పుడు సరివి చెట్టులా సన్నగా ఉండేవాణ్ణి. ఇప్పటి పొట్టను చూసి అప్పటి మనిషిని కొలవకండి. నాకు పోటీ రాజమల్లు. రామకృష్ణాపూర్ దిక్కు నుంచి వచ్చాడు. మంచివాడే, కాకపోతే మనిషి కన్నా ముందు పొట్ట వచ్చేది.

మొదటి రౌండులో నేను సూదిలా దిగాను. నీళ్ళు కదల్లేదు. తల పైకెత్తి చూస్తే మూడు మార్కులు! పెద్ద జడ్జి ఓదెలు కాక. బాయిలో బొగ్గు పేల్చే షాట్‌ఫైరర్, ఆటలకు వస్తే కబడ్డీ రిఫరీ.

"ఏం రా సదానందం, దుంకినవా, దాక్కున్నవా?" అన్నాడు. "షిఫ్టంత జేసి ఖాళీ టబ్బు తోలినట్టుంది."

రాజమల్లు పలక విరిగేట్టు ఎగిరి, మోకాళ్ళు ముడుచుకొని పొట్టతో పడ్డాడు. నీళ్ళు ఆఫీసర్ల కుర్చీల దాకా వచ్చాయి. జనం ఈలలు వేశారు. తొమ్మిది మార్కులు. పొట్ట ఎర్రగా కమిలింది. అది ఎట్లా మండుతుందో నాకు బాగా తెలుసు. రెండో రౌండూ అంతే.

పోటీదారు జడ్జితో మాట్లాడకూడదని నియమం. అయినా చాయ్ విరామంలో నేను కాక పక్కన చేరాను.

"కాకా, హోల్ల మందు మీద మట్టి సరిగ్గ కూరకపోతే షాట్ ఎట్లుంటది?"

"ఎట్లుంటది, మందంత ఎన్కకు తన్నుకొస్తది. చప్పుడు, మంట. బొగ్గు రాలది, మేనేజర్ నోరు పారేసుకుంటడు."

"మరి మంచి షాట్?"

"ధుబ్బుమంటది, గంతే. పోయి చూస్తె బొగ్గు కుప్ప."

"మరి రాజమల్లుది ఏ షాట్ కాకా?"

కాక గ్లాసు కింద పెట్టి కొలను దిక్కు చూశాడు. "అరె! పొద్దటిసంది తన్నుకొచ్చిన షాట్లకు మార్కులేస్తున్నమా మేము?" అంటూ లేచి, మిగతా నలుగురినీ ఒక పక్కకు పిలిచాడు.

ఈ సంగతి రాజమల్లుకు తెలియదు. చివరిదైన మూడో రౌండులో ఇంకా ఎత్తుకు ఎగిరి ఇంకా గట్టిగా పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. జడ్జీల చేతుల్లో ఒకటి, ఒకటి, సున్నా. నా దుంకుడు అన్నిటికన్నా కష్టమైనది, దానికి తొమ్మిదులు పడ్డాయి. హెచ్చించి కూడితే గెలుపు నాది.

రాజమల్లు కొలను గట్టు మీద కూర్చొని పొట్ట తడుముకుంటూ అన్నాడు: "ఏందన్నా గిది, పొద్దుగాల తొమ్మిదిచ్చిన చేతులేనా ఇవి? సరే, నీళ్ళు లేవకుంట ఎట్ల దుంకాలెనో నాకు నేర్పు."

నేర్పడం జరిగింది.

ఒట్టు పెట్టాను గనక ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మనుషులను అటుదిటు చేశాను. సరివి చెట్టు రాజమల్లు. పొట్టతో ఆఫీసర్లను తడిపింది నేను. కాకకు షాట్ సంగతి గుర్తుచేసింది అతను, గట్టు మీద కూర్చొని నేర్పమన్నది నేను. పైన డ్యూటీ అతనికి వచ్చింది. మిగతాదంతా, సరోజతో సహా, నిజమే. ఆమె అవ్వగారింటికి పోలేదు. నా పొట్టకు కొబ్బరినూనె రాస్తూ, "పైన డ్యూటీ తెస్తనంటివి, పొట్ట కాల్చుకొనొస్తివి" అంది.

ఇంకో ఏడాది బాయి దిగాను. షిఫ్టు అయ్యాక రాజమల్లు దగ్గర నేర్చుకున్నాను. నీళ్ళు లేపడానికి బరువుంటే చాలు, లేపకుండా దిగడానికి పని తెలియాలి. ఆ పోటీ నాకు నేర్పింది ఇంతే.

మరుసటి ఎండాకాలం అదే పలక మీది నుంచి దిగి తల పైకెత్తాను. ఓదెలు కాక తొమ్మిది పట్టుకొని నిలబడ్డాడు.

"ఏం రా సదానందం, దుంకినవా, దాక్కున్నవా?"

ఈసారి ఆ మాట మాత్రం నన్నే అన్నాడు. ఒట్టు.