మద్రాసు ఓడకు ముందు నాలుగు రోజులు

మద్రాసు ఓడ ఎక్కకూడదని నేను ఎప్పుడో నిశ్చయించుకున్నాను. ఆ సంగతి మా ఆయనకు మాత్రం చెప్పలేదు.

మెర్దెకా, అంటే ఆ మలాయి నేలకు స్వాతంత్ర్యం, వచ్చి అప్పటికి రెండు నెలలు. సుంగై సిపుట్ అవతల మా రబ్బరు తోటలో, ఇది ఇక మలాయివాళ్ళ దేశం, మనల్ని ఉండనిస్తారో లేదో అని కొందరు మూటలు కట్టుకుంటుంటే, వాళ్ళ కోళ్ళు ఎవరికి ఇచ్చిపోతారా అని మిగతావాళ్ళు చూస్తున్నారు. మా మామగారు ఏడాది ముందే శ్రీకాకుళం వైపు తన ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఎవరి చేతో ఉత్తరం రాయించాడు. ఇద్దరూ వచ్చేయండి, ఆలస్యం చేయకండి అని. మా ఆయన తండ్రి మాట జవదాటే మనిషి కాడు. "అయ్య రమ్మన్నాడు, ఎల్లాల" అన్నాడు. నేను సరేనన్నాను. నేను పుట్టింది ఆ తోటలో, మా అమ్మను పూడ్చింది కూడా ఆ తోట వెనకే. ఎన్నడూ చూడని ఊరికి నేను "తిరిగి" ఎలా వెళ్తాను? ఆ మాట గొంతు దాకా వచ్చింది కానీ, తండ్రి పిలుస్తుంటే కొడుకును ఆపిందన్న పేరు ఎవరు మోస్తారని మింగేశాను.

ఓడ కాగితాలు పినాంగ్ దీవిలో, జార్జ్ టౌన్‌లో ఇస్తారు. నాలుగు రోజుల ముందే వెళ్దామని పట్టుబట్టాను. "ఊరు సూసేసి ఎల్లిపోదాం మావా, మల్లీ వస్తామా ఏటి" అన్నాను. అంతా నటనే. ఈ నేల మీద చూడనివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూపిస్తే మనసు మారుతుందని నా ఆశ. వీపుకు తగిలించుకునే క్యాన్వాసు సంచి ఒకటి, పటాలంవాళ్ళు పారేసింది, ఆయనకు సంతలో దొరికింది. నేను రెండు గోధుమపిండి సంచులు కలిపి కుట్టి, పాత చీర అంచులతో పట్టీలు వేసి నాకొకటి తయారుచేసుకున్నాను. మా కూలీల లైన్ ఇళ్ళ ఆడవాళ్ళు చూసి ఒకటే నవ్వు. "గాడిద మొయ్యాల్సింది నువ్వు మోస్తన్నావేటే!"

ఎమర్జెన్సీ ఇంకా నడుస్తూనే ఉంది. తోట చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తనిఖీ. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు చేరుతుందని గుప్పెడు బియ్యం కూడా బయటికి పోనివ్వరు, వండిన అన్నమైనా సరే. వీపున సంచులతో ఇద్దరం కనబడేసరికి పోలీసుకు అనుమానం వచ్చింది. సంచులు రెండూ బోర్లించాడు. నా చీరలు, ఆయన చొక్కాలు, దువ్వెన, మామగారి ఉత్తరం, అన్నీ ఎర్రమట్టిలో పడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. బియ్యం లేదయ్యా అని మలాయిలో, "బెరాస్ తా అడా లా!" అని అరిచాను. మా ఆయన ఒక్కొక్కటీ ఏరి, దులిపి, మడతపెట్టి లోపల పెట్టాడు. ఈ కంచె, ఈ తనిఖీలు పడలేకే వెళ్ళిపోవాలనుకుంటున్నాడేమో అని అప్పుడు తట్టింది.

ప్రాయ్ దాకా రైలు, అక్కడి నుంచి ఫెర్రీ. జార్జ్ టౌన్‌లో ఒక టీ కొట్టు వెనక వరండాలో పడుకోనిచ్చారు. తెల్లారగానే సామానుతో సహా ఖాళీ చేయాలి. అందుకే నాలుగు రోజులూ సంచులు వీపు మీదే ఉన్నాయి.

మొదటి రోజు మధ్యాహ్నం ఆయన అన్నం పొట్లం కట్టించుకుని చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ అడగలేదు. పెళ్ళయ్యాక మేం అన్నం పట్టుకుని బహిరంగంగా నడవడం అదే మొదటిసారి. తినడానికి చోటు దొరికినా కూర్చోకుండా, ఇంకో రెండు వీధులు ఆ పొట్లం అలాగే మోసుకెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

నేను ఒక్క వీధిని వదల్లేదు. కొట్ల ముందున్న నడవల కింద ఎండ తగలకుండా ఊరంతా తిప్పాను. చచ్చిపోయినవాళ్ళ కోసం తగలబెట్టే కాగితపు మేడలు అమ్మే చీనావాళ్ళ కొట్టు చూపించాను. అందులో కాగితపు కారు, కాగితపు నౌకరు కూడా ఉన్నాయి. సముద్రం మీద కర్రలు పాతి కట్టిన ఇళ్ళ మధ్య పలకల బాట మీద నడిపించాను. పాత కోటలో ఒక ఫిరంగి దగ్గర మలాయి ఆడవాళ్ళు పూలు పెట్టి మొక్కుకుంటుంటే నేనూ పెట్టాను. ఏం కోరుకున్నావని ఆయన అడగలేదు. మూడో రోజు కొండ రైలు ఎక్కకుండా కాలినడకన పైకి తీసుకెళ్ళాను. సగం దూరంలో నా సంచి పట్టీ తెగింది. భుజం అప్పటికే ఒరుసుకుపోయి రక్తం వస్తోంది. ఆయన నా సంచి తీసుకుని తన ఛాతీకి కట్టుకున్నాడు. ముందొకటి, వెనకొకటి.

"దిగిపోదామేటి?" అన్నాడు.

"నేదు. పైకే" అన్నాను.

పై నుంచి అవతలి ఒడ్డు, దాని వెనక కొండలు కనిపించాయి. "అదిగో, మన వైపు" అని చెయ్యి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత రేవు వైపు తిరిగి, "ఓడలు సిన్నగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాటకు ఏం అర్థం తీసుకోవాలో కొండ దిగినంతసేపూ తేల్చుకోలేకపోయాను.

నాలుగో రోజు ఓడ ఆఫీసుకు వెళ్ళాం. బల్ల వెనక తమిళ గుమాస్తా మా కాగితాలు చూసి, ఓడలో చోటు తక్కువ, బయట జనం ఎక్కువ అన్నాడు. తల ఎత్తి, "అవసరమా?" అని అడిగాడు.

తమిళంలో అవసరమంటే తొందర. ఎమర్జెన్సీని కూడా వాళ్ళు అవసర కాలమనే అనేవాళ్ళు. ఈ ఓడకే వెళ్ళాలా, వచ్చే ఓడ దాకా ఆగగలరా అని గుమాస్తా ఉద్దేశం. మా ఆయన చదివింది తమిళ బడిలో. ఆ సంగతి ఆయనకు తెలియదని ఎవరూ అనలేరు. ఆయన నా వైపు చూశాడు. ఒరుసుకుపోయిన నా భుజం చూశాడు. తర్వాత ఆ తమిళ గుమాస్తాకు అచ్చ తెలుగులో జవాబు చెప్పాడు.

"అవసరం నేదు."

గుమాస్తాకు ఆయన తల అడ్డంగా ఊపడం మాత్రం అర్థమైంది. మా కాగితాలు దొంతర అడుగున పెట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఏటి మావా, ఆడు తొందరా అని గదా అడిగినాడు?"

"ఆడేటడిగినాడో నాకు తెల్దేటి?" అన్నాడు. "అయ్య ఉత్తరం వచ్చిన్నాటి నుంచీ నాకు ఎల్లాలని నేదు. నువ్వు సరేనన్నావు. ఆ కంచెలో బతకనేక నువ్వే ఎల్లాలనుకుంతన్నావనుకున్నాను. నాలుగు రోజులు కాళ్ళరిగేలా తిప్పినావు. నాను రానని ఒక్క మాట సెప్పినావేటే?"

అప్పుడు ఆ మాట గట్టిగానే వచ్చింది. "నాను రాను!" నడవలో పూలమ్మే ఆమె ఉలిక్కిపడి చూసింది. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మెట్టు మీద కూలబడి, రెండు సంచుల మధ్య మొహం దాచుకుని ఏడ్చాడు. "అయ్యకేటని రాయాల?" అన్నాడు.

ఆయనకు తెలుగు రాయడం, చదవడం రాదు. నేను తోటలోని తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పోస్టాఫీసు బల్ల దగ్గర ఆయన చెప్పాడు, ఓడలో చోటు దొరకలేదని, వచ్చే ఓడకు తప్పకుండా వస్తామని. నేను ఇలా రాశాను. "మామగారికి నమస్కారం. మీ అబ్బాయి రేవు దాకా వచ్చాడు. రానన్నది నేను. వచ్చే ఓడకు కూడా రాను. ఆయన్ని ఏమీ అనకండి."

"నాను సెప్పినట్టే రాసినావా?"

"రాసినాను."

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఇంటి ముందు నిలబడి ముందు మనసులో చదువుకున్నాను. ఇల్లు విడగొట్టినదానివి, ముసలివాడి ఉసురు నీకు తగులుతుంది అని మొదలై, కాగితం చివరి దాకా అంతా నా మీదే. కొడుకు గురించి ఒక్క మాట లేదు. "ఏటి రాసినాడు అయ్య?" అని ఆయన లోపలి నుంచి అడిగాడు. కాగితం చూస్తూనే చెప్పాను. తను కులాసాగా ఉన్నాడట, వానలు బాగా పడ్డాయట, మనం ఇక్కడే ఉండి జాగ్రత్తగా బతకాలట. ఆయన బయటికొచ్చి నా పక్కన కూర్చుని మళ్ళీ చదవమన్నాడు. మొదటిసారి ఏం చెప్పానో గుర్తు తెచ్చుకుని, పొల్లుపోకుండా మళ్ళీ చదివాను.